జిగొందాస్ 2022 తీయగానే వగరుగా ఉంటే పాడైనట్టా? లేత ఫ్రెంచ్ రెడ్‌ని ఎలా రుచి చూడాలి

చదివే మిగతావాళ్ళకీ తెలియాలి కాబట్టి మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు ఫ్రాన్స్‌లోని టులూజ్ నగరంలో ఉంటున్నారు. వైన్ దుకాణదారు చెప్పాడని జిగొందాస్ అనే రెడ్ వైన్, 2022 పంటది, ఆరు బాటిళ్ళు కొన్నారు. మొన్న శనివారం రాత్రి మొదటిది తీశారు. కార్క్ తీయగానే ఉడికించిన కోడిగుడ్డు వాసన వచ్చింది. నోట్లో పోసుకుంటే చిగుళ్ళు పట్టేసేంత వగరు, మింగితే గొంతులో మంట. స్నేహితులిద్దరూ పాడైందని తేల్చి, మిగతా ఐదూ వాపసు ఇచ్చెయ్యమన్నారు. వాళ్ళ మాట నిజమా, ఇలాంటి లేత వైన్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి అని అడిగారు.

వాపసు ఇవ్వకండి. కనీసం ఇంకో బాటిల్‌ని నేను చెప్పే పద్ధతిలో మూడు రోజులు రుచి చూశాక నిర్ణయించుకోండి. మీరు చెప్పిన మూడు లక్షణాలకీ మూడు వేరువేరు కారణాలున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ వైన్ పాడైందని రుజువు చేయదు. నేను ఫ్రాన్స్‌లోని రోన్ నది లోయలో కొన్నేళ్ళు వైన్ తయారుచేసే సెల్లార్‌లో పని చేసి, తర్వాత లియోన్‌లో వైన్ అమ్మే పనిలోకి వచ్చాను. లేత రోన్ వైన్‌ని మొదటి గ్లాసుతోనే కొట్టిపారేసేవాళ్ళు నా దగ్గరికి వారానికి ఒకరైనా వస్తారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు బాటిల్లో ఏముందో తెలియాలి. జిగొందాస్ అనేది దక్షిణ ఫ్రాన్స్‌లో, రోన్ నదికి తూర్పున, వొక్లూజ్ జిల్లాలో ఉన్న చిన్న ఊరు. ఊరి వెనక రంపం పళ్ళలా నిలబడ్డ సున్నపురాయి కొండలుంటాయి, వాటి పేరు దాంతెల్ ద మోంమిరాయ్. ద్రాక్ష తోటలు ఆ కొండల అడుగు నుంచి పైకి పాకుతాయి. పై తోటల్లో రాత్రిళ్ళు చల్లగా ఉంటుంది కాబట్టి పండులో పులుపు నిలుస్తుంది. ఈ వైన్ చాలాకాలం కోట్ దు రోన్ అనే పెద్ద పేరు కిందే అమ్ముడయ్యేది. 1971లో సొంత ఊరి పేరుతో అమ్ముకునే హక్కు వచ్చింది. ఆ హక్కుతో పాటు నియమాలూ వచ్చాయి: రెడ్‌లో కనీసం సగం గ్రెనాష్ ద్రాక్ష ఉండాలి, మిగతాది ముఖ్యంగా సిరా, మూర్వెద్ర్ రకాలు.

ఈ మూడింటి స్వభావం తెలియకుండా ఈ వైన్ అర్థం కాదు. అది నాకు తెలిసిన రోజు బాగా గుర్తుంది. సెల్లార్‌లో నా మొదటి చలికాలం, జనవరి నెల. మా పెద్దాయన మూడు తొట్ల నుంచి మూడు గ్లాసుల్లో పోసి నా ముందు పెట్టాడు. మొదటిది గ్రెనాష్. రంగు పలచన, వాసన పండిన పళ్ళ బుట్టలా ఉంది, నోట్లో మెత్తగా, తియ్యగా అనిపించింది, చివర్లో ఆల్కహాల్ వేడి. పానకం లాంటిది, కానీ నడుముకి ఎముక లేదు. రెండోది సిరా. మన భాషలో సిరా అంటే రాసుకునే సిరా కదా, రంగు చూస్తే ఆ పేరు అచ్చంగా సరిపోతుంది. ముదురు ఊదా, మిరియాల వాసన, నోట్లో బిగుసుకుని ఉంది. మూడోది మూర్వెద్ర్. తడిసిన తోలు వాసన, నాలుకను గీరేసేంత వగరు. ఒక గుటక తర్వాత నేను గ్లాసు పక్కన పెట్టేశాను.

అప్పుడాయన కొలగ్లాసు ఇచ్చి, నీకు నచ్చిన పాళ్ళలో కలుపు అన్నాడు. రంగుకీ మిరియాల ఘాటుకీ ముచ్చటపడి నేను సిరా 50 పాళ్ళు పోశాను, మూర్వెద్ర్ అసలు వేయలేదు. ఆయన 70 గ్రెనాష్, 15 సిరా, 15 మూర్వెద్ర్ కలిపాడు. ఆ సాయంత్రం నాదే బాగుంది. ఆయన రెండింటినీ సగం నింపిన సీసాల్లో పోసి, కార్క్ పెట్టి బల్ల మీద వదిలేశాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ రుచి చూస్తే నాది ముక్కలు ముక్కలుగా విడిపోయింది, పండు వాసన ఒక పక్క, గట్టిదనం ఒక పక్క. ఆయనది ఒక్కటైపోయి, ఏది ఏ ద్రాక్షో చెప్పలేనట్టు తయారైంది. దీనికి కారణం ఉంది. గ్రెనాష్ గాలి తగిలితే త్వరగా నీరసపడే ద్రాక్ష. సిరా, మూర్వెద్ర్ దానికి విరుద్ధం, వాటికి గాలి చాలకపోతేనే ఇబ్బంది. ఒకదాని బలహీనతని ఇంకోటి కాస్తుంది. రోన్ వాళ్ళు మూడింటినీ కలపడానికి ఒక పెద్ద కారణం ఇదే. లేత వైన్‌ని ఒక్క పూటలో తేల్చెయ్యకూడదని నేను నేర్చుకున్నదీ ఆ బల్ల మీదే.

ఇక మీ ఫిర్యాదులు ఒక్కొక్కటీ చూద్దాం. గొంతు మంట తేలిగ్గా తీరేది. లేబుల్ మీద చూడండి, ఆల్కహాల్ 14.5 లేదా 15 శాతం అని ఉంటుంది. గ్రెనాష్ ఆలస్యంగా పండుతుంది, చక్కెర బాగా పెంచుకుంటుంది. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. 15 శాతం ఉందంటే కోసిన రోజున లీటరుకి 250 గ్రాముల పైనే చక్కెర ఉన్నట్టు. పైగా 2022లో దక్షిణ రోన్‌లో మే నుంచే ఎండలు కాశాయి, నేల ఎండిపోయింది, ఆగస్టు మధ్యలో పడ్డ వాన కాస్త ఆదుకుంది. ఇలాంటి వైన్‌ని 24, 25 డిగ్రీల గదిలో తాగితే ముందు ఆల్కహాలే ముక్కుకి తగులుతుంది. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలన్న మాట హీటర్లు లేని రాతి ఇళ్ళ కాలంలో పుట్టింది. మీరు తాగే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. గ్లాసులో 16 డిగ్రీలు ఉంటే చాలు, 18 దాటనివ్వకండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చదివేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. మరీ చల్లగా 10 డిగ్రీలకి దించితే మాత్రం వాసన ముడుచుకుపోతుంది, వగరు రెట్టింపు అనిపిస్తుంది.

గ్లాసు గురించి ఒక్క మాట. అడుగు వెడల్పుగా, అంచు సన్నగా ఉన్న ఏ గాజు గ్లాసైనా పనికొస్తుంది. రుచి చూసేవాళ్ళ కోసం 1977లోనే అంతర్జాతీయ ప్రమాణంగా ఒక గ్లాసు ఖరారైంది, అందులో పోసేది 50 మిల్లీలీటర్లే. ఎందుకంటే తిప్పడానికి చోటు కావాలి. ఇంట్లో ఆ రోజు పోపు పెట్టి ఉంటే, అగరొత్తి వెలిగించి ఉంటే, వైన్ వాసన చూడటం రేపటికి వాయిదా వేసుకోండి. ఇంగువ, ఆవాల పోపు గదిలో గంటల తరబడి ఉంటుంది. మనకి అలవాటైపోయి తెలియదు, అంతే.

రంగు మీద ఎక్కువ సమయం పెట్టొద్దు. తెల్ల కాగితం మీద గ్లాసుని వంచి అంచు చూడండి. ఊదా మెరుపు ఉంటే లేతది, ఇటుక రంగు వస్తుంటే వయసు మీద పడుతున్నది. 2022కి అంచు ఊదాగానే ఉండాలి. ఇప్పుడే ఇటుక రంగు కనిపిస్తే అప్పుడు అనుమానించాలి. గ్లాసు గోడ మీద జారే చారలు చూసి మంచి వైన్ అనుకునేవాళ్ళు చాలామంది. అవి ప్రధానంగా ఆల్కహాల్ ఎంతుందో చెప్తాయి, నాణ్యత గురించి ఏమీ చెప్పవు. రంగు మనల్ని ఎంత దారి తప్పిస్తుందో చూపించిన ప్రయోగం ఒకటుంది. బోర్డో విశ్వవిద్యాలయంలో 54 మంది వైన్ విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, దాన్ని రెడ్ వైన్‌కి వాడే మాటలతో వర్ణించారు. 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్ళు చదువుకున్నవాళ్ళే. అందుకే కళ్ళు చెప్పినదాన్ని ముక్కుతో సరిచూసుకోవాలి.

ముక్కు దగ్గరికి వచ్చాం కాబట్టి ఆ కోడిగుడ్డు వాసన సంగతి. వైన్ పులిసేటప్పుడు, తర్వాత గాలి తగలకుండా తొట్లో ఉన్నప్పుడు గంధకం వాయువులు కొద్దిగా పుడతాయి. సిరా, మూర్వెద్ర్‌లో ఇది మామూలు. బాటిల్లో బిగించి పెట్టాక అది అక్కడే ఉండిపోతుంది, కార్క్ తీయగానే ముందు అదే బయటికొస్తుంది. చాలాసార్లు అరగంట, గంట గాలి తగిలితే పోతుంది. పోయిందో లేదో మీరే పరీక్షించుకోవచ్చు. రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో సబ్బుతో బాగా కడిగిన రాగి ముక్క వేసి ఒక నిమిషం తిప్పండి. మీ దగ్గరున్న 5 యూరో సెంట్ల నాణెం మీద పూత రాగిదే, అదైనా సరిపోతుంది. గంధకం రాగిని పట్టుకుంటుంది. ఆ గ్లాసులో వాసన తగ్గి పండు వాసన తేలితే మీ వైన్‌కి కావలసింది గాలి మాత్రమే. ఆ గ్లాసు తాగకుండా పారబోయండి, అది పరీక్ష కోసమే. వైన్ తయారీలో కూడా ఈ ఇబ్బందికి అతి కొద్ది మోతాదులో రాగి ఉప్పు వాడతారు.

నిజంగా పాడైన కార్క్ వాసన వేరు. తడిసిన అట్టపెట్టె, వానాకాలంలో ముక్కిపోయిన గోనెసంచి వాసన. ఆ వాసన తెచ్చే పదార్థం లీటరు వైన్‌లో ఒక గ్రాములో వంద కోట్లవ వంతులు కొన్ని ఉన్నా చాలు, ముక్కుకి దొరుకుతుంది, పండు వాసనని కప్పేస్తుంది. దానికీ దీనికీ తేడా కాలమే చెప్తుంది. గుడ్డు వాసన గాలి తగిలే కొద్దీ తగ్గుతుంది, గోనెసంచి వాసన తగ్గదు, ఇంకా పెరిగినట్టనిపిస్తుంది. అలా ఉంటే మాత్రం దుకాణానికి తీసుకెళ్ళండి, సగం తాగి ఉన్నా సరే. మర్యాదస్తులైన దుకాణదారులు మార్చి ఇస్తారు. ఇంకో రెండు లోపాలు కూడా గుర్తుపెట్టుకోండి: గోళ్ళ రంగు తుడిచే ద్రవం లేదా వెనిగర్ వాసన, గుర్రపుశాల వాసన. రెండోది కొద్దిగా ఉంటే ఇష్టపడేవాళ్ళున్నారు. నాకు మాత్రం పండుని మింగేసే స్థాయిలో ఉంటే అది లోపమే.

లోపాలు లేవని తేలాక మంచి వాసనల కోసం వెతకండి. ఇక్కడ ఒక సలహా మనసు పెట్టి చెప్తున్నాను. ఫ్రెంచ్ పుస్తకాల్లో ఉన్న పళ్ళ పేర్లు అరువు తెచ్చుకోవద్దు. మన చిన్నతనంలో తినని పండు వాసన మన జ్ఞాపకంలో ఉండదు. నాకు జిగొందాస్‌లో నేరేడు పండు దొరుకుతుంది, ఎండు ఖర్జూరం దొరుకుతుంది. ఆ ప్రాంతం కొండల మీద అడవి థైమ్, రోజ్‌మేరీ పొదలుంటాయి. ఆ ఎండుగడ్డి లాంటి వాసనని అక్కడ గారిగ్ అంటారు, ఈ వైన్లలో అది ఉందంటారు. థైమ్ వాసనకి మూలమైన థైమాల్ అనే పదార్థమే మన వాములోనూ ఉంటుంది. కాబట్టి అరచేతిలో వాము నలిపి వాసన చూసి, వెంటనే గ్లాసులో ముక్కు పెట్టండి. దొరికితే మీకు గారిగ్ దొరికినట్టే. మా ఊరు ఒంగోలు వైపు. పొగాకు బ్యారన్‌లో ఆకు కాల్చే రోజుల్లో ఊరంతా పట్టే ఆ తీపి వాసన, వయసు మళ్ళిన మూర్వెద్ర్‌లో నాకు ప్రతిసారీ కనిపిస్తుంది. మీ 2022లో ఇంకా రాదు.

మిరియాల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సిరాలో మిరియాల వాసన అనేది ఉపమానం కాదు. ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ 2008లో దానికి కారణమైన పదార్థాన్ని కనిపెట్టింది. పేరు రోటండోన్. నల్ల మిరియాల్లో ఘాటైన వాసన ఇచ్చేదీ అదే. అయితే ఆ పరిశోధనలోనే, దాదాపు ఐదుగురిలో ఒకరి ముక్కు దీన్ని అసలు పట్టుకోలేదు. మీ స్నేహితుడికి మిరియాలు దొరికి మీకు దొరకకపోతే టెన్షన్ పడకండి. పైగా ఈ పదార్థం చల్లటి చోట్ల, చల్లటి ఏళ్ళలో ఎక్కువ. 2022 లాంటి మండే ఏడాదిలో తక్కువే ఉంటుంది. అది లేదని మార్కులు తీసేయడం అన్యాయం.

ఇప్పుడు అసలు విషయం, వగరు. మీ స్నేహితులు పొరపడింది ఇక్కడే.

ఈ విషయంలో తెలుగువాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, దాన్ని మనం గుర్తించడం లేదు. మనకి ఆరు రుచులు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు, మామిడి ముక్క వగరు అని పిల్లలకి కూడా తెలుసు. నాతో పని చేసిన చాలామంది విదేశీయులు చేదునీ వగరునీ ఒకటే మాటతో చెప్పేవారు, తేడా నేర్పడానికి కష్టపడాల్సి వచ్చేది. చేదు నాలుకకి తెలిసే రుచి. వగరు చిగుళ్ళకీ బుగ్గల లోపలికీ తెలిసే స్పర్శ. ద్రాక్ష తొక్కలో, గింజలో, కాడలో ఉండే టానిన్ మన ఉమ్మిలోని ప్రోటీన్లని పట్టేసుకుంటుంది. దాంతో నోటి లోపలి జారుడు పోయి గరుకు మిగులుతుంది. నేరేడు పండు తిన్నా, వక్క నమిలినా జరిగేది ఇదే. లేత రెడ్ వైన్‌లో వగరు ఉండి తీరాలి. ఏళ్ళ తరబడి నిలబెట్టేవాటిలో అది ముఖ్యమైనది. ప్రశ్న వగరు ఉందా అని కాదు, ఎలాంటి వగరు అని.

బాగా పండిన నేరేడులో వగరు ఉంటుంది, పచ్చి అరటికాయ కోసినప్పుడు చేతికి అంటే జిగురులోనూ వగరు ఉంటుంది. మొదటిది పండుతో కలిసి వస్తుంది, రెండోది పండు లేకుండా వస్తుంది. కోతకి ముందు మా పెద్దాయన తోటలో తిరుగుతూ ద్రాక్ష గింజలు నమిలేవాడు, నాచేతా నమిలించేవాడు. ఆకుపచ్చగా ఉన్న గింజ మామిడి జీడిలా ఉంటుంది, చేదూ వగరూ కలిసి దవడ పట్టేస్తుంది. గోధుమ రంగుకి తిరిగిన గింజ వేయించిన పప్పులా కరకరలాడుతుంది. కరువు ఏళ్ళలో చిక్కేమిటంటే చక్కెర పరుగెత్తుతుంది, నీళ్ళు లేక తొక్కా గింజా మాత్రం వెనకబడతాయి. ఆల్కహాల్ చూస్తే పండిన వైన్, వగరు చూస్తే పచ్చి వైన్ అనే బాటిళ్ళు అప్పుడే తయారవుతాయి. 2022లో మీరు జాగ్రత్తగా చూడాల్సింది దీన్నే.

చూసే పద్ధతి ఇది. రెండు చెంచాల వైన్ నోట్లో తీసుకుని, పెదాల మధ్య నుంచి కొంచెం గాలి లోపలికి లాగి, పది సెకన్లు నోరంతా తిప్పి ఉమ్మేయండి. ఉమ్మేయడానికి మొహమాటపడొద్దు, వృత్తిలో ఉన్నవాళ్ళందరూ చేసేది అదే. మింగుతూ పోతే 15 శాతం వైన్ మూడో గ్లాసుకి మీ తీర్పుని మార్చేస్తుంది. ఉమ్మేశాక నాలుకతో పై చిగుళ్ళు తడమండి. మెత్తటి గుడ్డ తగిలినట్టుందా, ఇసుక తగిలినట్టుందా? తర్వాత గడియారం చూస్తూ రెండు విషయాలు గమనించండి. ఒకటి, నోరు మళ్ళీ ఊరుతోందా? చింతపండు తలుచుకుంటే ఊరినట్టు దవడల పక్కన నీళ్ళు ఊరితే లోపల పులుపు ఉన్నట్టు. అది ఉంటేనే ఇంత బరువైన వైన్ తాగబుద్ధేస్తుంది. రెండు, పండు ముందు పోతోందా, వగరు ముందు పోతోందా? నా అనుభవంలో ఇంతకన్నా నమ్మకమైన కొలత లేదు. వగరు మెల్లగా సర్దుకుని నేరేడు రుచి ఇంకా మిగిలి ఉంటే ఆ వైన్‌కి భవిష్యత్తు ఉంది. పండు ఐదారు సెకన్లలో మాయమై ఒట్టి గరుకు మిగిలితే, పదేళ్ళు దాచినా అది మెత్తబడదు. టానిన్‌తో పాటు పండూ తగ్గుతూనే ఉంటుంది, వెనకబడ్డ పండు ముందుకి రాదు.

ఒక జాగ్రత్త. వగరు గుటక గుటకకీ పోగవుతుంది. మూడో గుటక మొదటిదానికన్నా గట్టిగా అనిపించడం నోటి సంగతి, వైన్ సంగతి కాదు. మధ్యలో నీళ్ళు తాగి, ఒక ముక్క ఉత్త బ్రెడ్ నమిలి, రెండు నిమిషాలు ఆగండి.

ఓక్ పీపా వాసన కూడా ఓసారి చూడండి. వెనిల్లా, కొబ్బరి, లవంగం వాసనలు మిగతావాటి మీద నూనె తెట్టులా తేలుతుంటే కొత్త పీపాలో ఉంచినట్టు. జిగొందాస్‌లో సిమెంటు తొట్లూ, పెద్ద పాత పీపాలూ వాడేవాళ్ళు చాలామంది కాబట్టి మీకు ఇది అసలు కనిపించకపోవచ్చు. గ్రెనాష్‌కి అదే మేలని నా అభిప్రాయం.

ఇక మూడు రోజుల పరీక్ష. రెండో బాటిల్ తీసి, మొదటి గ్లాసు పోసుకున్నాక, ఒక శుభ్రమైన అర బాటిల్ని అంచుదాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. దానికి గాలి దాదాపు తగలదు, పోల్చడానికి పనికొస్తుంది. మిగిలింది పాత బాటిల్లోనే, కార్క్ పెట్టి, గదిలో చల్లటి మూల ఉంచండి. మొదటి రాత్రి తీసిన వెంటనే ఒకసారి, రెండు గంటలకి ఒకసారి. మర్నాడు, ఎల్లుండి అదే సమయానికి ఒక్కోసారి. ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి: వాసన, పులుపు, వగరు, రుచి ఎన్ని సెకన్లు నిలిచింది. ఆ సెకన్లని ఫ్రెంచ్‌వాళ్ళు కోదాలీ అనే మాటతో లెక్కపెడతారు.

కొత్తావకాయ కలిపిన రోజు తింటే ఆవఘాటు ముక్కుకెక్కుతుంది, ఉప్పూ కారం దేనికది విడిగా ఉంటాయి. మూడో రోజు జాడీ తిరగకలిపితే ఊట ఊరి అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మొదటి రోజు ఘాటు చూసి ఎవరూ జాడీ పారబోయరు. మీ వైన్ మొదటి రాత్రి ఆ స్థితిలోనే ఉంది.

రెండో రోజు మెరుగ్గా ఉండి, మూడో రోజు కూడా పండు నిలబడితే మిగిలిన నాలుగు బాటిళ్ళూ ధైర్యంగా దాచుకోవచ్చు. రెండో రోజు బాగుండి మూడో రోజుకి కోసి వదిలేసిన యాపిల్ వాసన వస్తే గ్రెనాష్ అలసిపోయినట్టు, మూడు నాలుగేళ్ళలో తాగేయండి. రెండో రోజుకే పండు పోయి వగరూ ఆల్కహాలూ మిగిలితే దాచడం దండగ, ఇప్పుడే మాంసం కూరతో ముగించండి. మూడు రోజుల గాలి పదేళ్ళ వయసుకి సమానం కాదు, వయసు తెచ్చే వాసనలు అందులో రావు. వైన్‌లో ఓపిక ఎంతుందో మాత్రం అది చెప్తుంది.

మీరు ఫ్రాన్స్‌లోనే ఉన్నారు కాబట్టి ఇంకో పని చేయండి. ఒక క్రోజ్ ఎర్మితాజ్ రెడ్ కొనండి, అందులో దాదాపు అంతా సిరానే. ఒక బాందోల్ రెడ్ కొనండి, నియమం ప్రకారం కనీసం సగం మూర్వెద్ర్ ఉండాలి, చాలామంది ఇంకా ఎక్కువే వాడతారు. గ్రెనాష్ ఒక్కటే ఉన్నది కావాలంటే స్పెయిన్ నుంచి వచ్చే గార్నాచా చవకగా దొరుకుతుంది, అది అదే ద్రాక్ష. వేరుగా రుచి చూసి, వంటింటి కొలగ్లాసులో కలిపి చూడండి. నేను ఆ జనవరిలో నేర్చుకున్నది మీకు ఒక ఆదివారంలో వస్తుంది.

తిండి సంగతి. లేత టానిన్‌కి ప్రోటీన్, కొవ్వు, ఉప్పు కావాలి, అవి ఉంటే వగరు సగం తగ్గుతుంది. మిరియాలేసిన మటన్ వేపుడు అద్భుతంగా సరిపోతుంది. మన ఊళ్ళో చేసే కారంతో మాత్రం వద్దు. మిరపకారం, 15 శాతం ఆల్కహాల్ కలిస్తే ఒకదాని మంటని ఇంకోటి పెంచుతుంది, పండు రుచి పూర్తిగా పోతుంది. గోంగూర మాంసం నాకు ప్రాణం, కానీ ఆ పులుపు ముందు ఈ వైన్ చప్పబడిపోతుంది. దానికి వేరే వైన్ వెతుక్కోవాలి.

దాచే చోటు మీకు అసలు సమస్య కావచ్చు. టులూజ్‌లో వేసవికి అపార్ట్‌మెంట్లు బాగా వేడెక్కుతాయి. ఫ్రిజ్ మీద, పొయ్యి పక్కన, కిటికీ దగ్గర పెట్టకండి. 12 నుంచి 14 డిగ్రీలు మంచిది, అది కుదరకపోతే వేడి తక్కువగా మారే చోటు, నేల మీద అల్మరాలో, వెలుతురు లేకుండా, బాటిల్ పడుకోబెట్టి. బిల్డింగ్ కింద నేలమాళిగ గది ఉంటే అడిగి చూడండి. అలాంటి చోటు దొరకకపోతే పరీక్ష ఎంత బాగా వచ్చినా ఒకట్రెండు చలికాలాల్లో తాగేయండి. దొరికితే 2027లో ఒకటి, 2029లో ఒకటి, మిగతా రెండూ 2032 దాకా. ప్రతిసారీ ఈ మొదటి నోట్స్ పక్కన పెట్టుకుని తీయండి.

రెండో బాటిల్ తీశాక ఆ మూడు రోజులూ రాసుకున్నది ఇక్కడ పెట్టండి. గుడ్డు వాసన ఎన్ని గంటలకి పోయింది, మూడో రోజు పండు ముందు పోయిందా వగరు ముందు పోయిందా, ఈ రెండూ తప్పకుండా రాయండి. చూసి చెప్తాను.